మధ్యలో నడిచేవాడు

మండవల్లి,
12-12-2023.

చిరంజీవి ఉదయ్‌కి,

పెదనాన్న సూర్రావు ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ గంగమ్మ పెద్దమ్మా క్షేమంగానే ఉన్నాం, నా చెవులు తప్ప. కుడిది పూర్తిగా పోయింది. ఎడమది కాస్త పలుకుతుంది. మిషన్ పెట్టుకుంటే ఈలలు వేస్తుంది. ఫోన్లో అవతలివాళ్ళ మాట వినపడక నేను అరుస్తాను. "మన సంగతులు ఊరందరికీ ఎందుకండీ" అని మీ పెద్దమ్మ ఫోను లాక్కుంటుంది. అందుకే ఈ కాగితం. పదిహేనేళ్ళ తర్వాత ఈయన ఉత్తరం ఏమిటనుకోకుండా చివరిదాకా చదువు.

మీ కోజికోడ్ క్లబ్బువాళ్ళు నిన్ను మేనేజరుని చేశారని తాడేపల్లిగూడెం నుంచి మీ ఉషశ్రీ అక్కయ్య చెప్పింది. ఫుట్‌బాల్లో మేనేజరంటే ఏం చేస్తాడే అని అడిగాను. "నువ్వు చేసేదే నాన్నా. తను ఆడడు, బయట నిలబడి ఆడిస్తాడు" అంది. ముప్పై ఏళ్ళుగా చేపల పట్టుబడి ముఠాకి మేస్త్రిని. వల నీళ్ళలో ఉంటే నేను చెరువు గట్టు మీద ఉంటాను. మన ఇంట్లో ఇంకొకడు గట్టెక్కాడని విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

ఒక తప్పు ఒప్పుకోవాలి. పదహారేళ్ళలో నువ్వు ఎనిమిది క్లబ్బులు మారావు. కలకత్తా, గోవాలో రెండు, షిల్లాంగ్, ముంబై, లూధియానా, బెంగళూరు, ఇప్పుడు కోజికోడ్. మా పనిలో ఏటేటా ముఠా మారేవాణ్ణి ఎవరూ నమ్మరు. ఎక్కడో తేడా ఉండబట్టే నిలవలేకపోతున్నాడంటారు. నీ గురించీ నేను అలాగే అనుకున్నాను. ఉషశ్రీ నన్ను గట్టిగా కోప్పడింది. మునిగిపోతున్న క్లబ్బులన్నీ నిన్నే పిలిపించుకునేవనీ, ఒడ్డున పడ్డాక పేరున్నవాళ్ళని తెచ్చుకుని నిన్ను పంపేసేవనీ చెప్పింది. అలా అన్ని చోట్ల ఆదుకున్నవాణ్ణి నిలకడ లేనివాడనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

చిన్నప్పుడు గట్టు మీద బంతి తన్నుతుంటే చేప బెదురుతుందని నిన్ను తరిమాను. అదీ మనసులో పెట్టుకోకు.

మీ నాన్నకీ నాకూ మధ్య ఉన్నది అలాగే ఉంది. రెండు వీధుల దూరంలో ఉంటూ మాట్లాడుకోము. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

మీ పెదనాన్న,
సూర్రావు

కోజికోడ్,
27-12-2023.

పెదనాన్న గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. పెద్దమ్మని అడిగానని చెప్పండి.

మీరు అనుకుంటున్నంత గొప్ప సంగతేమీ కాదండీ. వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయాక పాత కోచ్ వెళ్ళిపోయాడు. కొత్తవాణ్ణి వెతికే టైము లేదు. ముప్పై అయిదేళ్ళ మిడ్‌ఫీల్డర్ని, సగం మ్యాచ్‌లకి బెంచీ మీదే ఉంటున్నాను, కోచింగ్ లైసెన్సు ఉంది. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. పదహారేళ్ళలో నేను కొట్టినవి పదకొండు గోల్సు. అందులో రెండు ఎవరికో తగిలి లోపలికి వెళ్ళినవి. 

ఇంకా పదకొండు మ్యాచ్‌లున్నాయి. పట్టికలో అందరికన్నా కింద ఉన్నాం. అక్కడే మిగిలితే మూడో డివిజన్‌కి పడిపోతాం. అలా జరిగితే క్లబ్బు మూసేస్తామని ఓనర్లు అప్పుడే అంటున్నారు. ఇరవై ఆరుమంది ఆటగాళ్ళు. నన్ను ఇక్కడికి తెప్పించిన ఆనంద్ పాల్ అన్నే మా కెప్టెన్. మన ఏలూరు స్పోర్ట్స్ హాస్టల్లో నా సీనియర్, మీకు గుర్తుండకపోవచ్చు. అన్న ఉన్నాడన్న ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

ఒక మాట అడగకుండా ఉండలేను. మొన్న ఏలూరు పేపర్లో కొల్లేరు చేపల పట్టుబడి ఫోటో వచ్చిందని, హాస్టల్లో నాతో చదివిన ఎలీయాజరు పంపాడు. నీళ్ళలో మీ ముఠా మనిషి. ఒంటి మీద నా గోవా జెర్సీ. వెనక ఎనిమిదో నంబరు, పైన నా పేరు, నిండా బురద. వెళ్ళిన ప్రతి క్లబ్బు నుంచీ ఒక జెర్సీ నాన్నకి పంపాను. బీరువాలో దాచి ఉంటారనుకున్నాను. నాన్న పని ఎలాగూ తీసుకున్నారు. ఈ చొక్కాలు కూడా మీ పనివాళ్ళకి కావలసి వచ్చాయా?

కోపంతో రాశాను, క్షమించండి. కానీ రాసింది కొట్టెయ్యను.

ఉదయ్

మండవల్లి,
09-01-2024.

చిరంజీవి ఉదయ్‌కి ఆశీస్సులు.

కొట్టెయ్యకపోవడమే మంచిదయింది. కొట్టేసిన మాటని వెలుగుకి పెట్టి చదివే అలవాటు నాకుంది.

చొక్కాలు నేను తెప్పించలేదు. మీ ఇంటి నుంచి వచ్చాయి, వద్దనలేదు. పట్టుబడిలో వల మధ్యన నడిచేవాడి ఇంటికి అవి చేరతాయి. ఆ ఏడు మధ్యలో ఎవరుంటే వాళ్ళింటికి. ఎవరు పంపుతున్నారని నేను అడగలేదు, నువ్వూ నన్ను అడగకు. రంగు మారినప్పుడల్లా అది ఏ ఊరిదో ఉషశ్రీ చేత కనుక్కునేవాణ్ణి. నువ్వు ఎక్కడున్నావో నాకు తెలిసిన దారి అదొక్కటే.

పోయిన ఆదివారం రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. మీ అక్కయ్య నీ పాత ఆటలు మూడూ, మీ జట్టు మొన్న ఆడినదీ టీవీలో పెట్టింది. శబ్దం నాకెలాగూ అక్కరలేదు. చూపు కూడా తగ్గుతోంది కాబట్టి టీవీకి జానెడు దూరంలో కుర్చీ వేసుకున్నాను. "కళ్ళు పోతాయి నాన్నా" అంటుంది. మిగిలినవి దేనికి దాచుకోవాలి?

పదకొండు గోల్సని చిన్నబుచ్చుకోకు. నాకు గోల్సు కనపడలేదు, నువ్వే కనపడ్డావు. మా వలకి నలభై మంది ఉంటారు. చివర్లు పట్టుకున్నవాళ్ళని అందరూ చూస్తారు. మధ్యలో నడిచేవాడు గొంతులోతు నీళ్ళలో అడుగు తాడుని కాళ్ళతో బురదకి అదిమి నడుస్తాడు. ఆ తాడు జానెడు లేచిందా, చేపంతా కిందనుంచి పోతుంది. నీ దగ్గర బంతి రెండు క్షణాలు ఉండదు. కానీ లూధియానా మ్యాచ్‌లో నిన్ను బయటికి పిలిచాక పది నిమిషాల్లో రెండు గోల్సు పడ్డాయి. ఎందుకు పడ్డాయో నాకు అర్థమయింది. నిన్ను చూస్తూ చాలా గర్వపడ్డాను.

ఇంకొకటి, నీకు నచ్చకపోయినా చెప్పాలి. నీళ్ళలో ఉన్నవాడి కాళ్ళు గట్టు మీదకి కనపడవు. భుజాలు చూసి కాళ్ళ సంగతి తెలుసుకోవాలి, నా పనంతా అదే. మీ కెప్టెన్ ఎడమకి తిరగబోయే ముందు కుడి భుజం దించుతున్నాడు, ప్రతిసారీ. ఎడమ కాలు అతనికి బరువు మొయ్యడం లేదు. మధ్యలోంచి తీసెయ్యి.

మీ జట్టు కింద పడకపోతే ద్వారకా తిరుమల మెట్లెక్కుతానని మీ పెద్దమ్మ మొక్కుకుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. నన్ను తోడు రమ్మంటుంది.

సూర్రావు

కోజికోడ్,
24-01-2024.

పెదనాన్న గారికి,

మనుషుల్ని మధ్యలోంచి తీసెయ్యడం మీకు అలవాటండీ. నాకు చేతకాదు.

2009 జనవరిలో నేను సెలవుకి వచ్చి ఉన్నాను. మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. పట్టుబడి సగంలో ఉండగా నలభై మంది ముందు గట్టు మీదనుంచి నాన్నని బయటికి రమ్మని అరిచి, ఆయన చోట ఇంకొకణ్ణి దింపారట. తడి బట్టలతో ఇంటికొచ్చి సాయంత్రందాకా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ తువ్వాలు తెచ్చి పక్కన పెడితే ముట్టుకోలేదు. కాలికి కట్టేమిటంటే గుల్ల గీసుకుందన్నాడు. ఎందుకు తీశారని అడిగితే "మేస్త్రి ఇష్టం" అన్నాడు. సొంత అన్నని ఆయన మేస్త్రి అనడం అదే మొదటిసారి విన్నాను. వల మధ్యన ఇరవై ఏళ్ళు ఆయన నడిచిన చోటు అది.

కలకత్తాలో నేను దిగినప్పుడు నాకు ఉండడానికి చోటు లేదు. ఆనంద్ పాల్ అన్న తన మంచంలో సగం ఇచ్చాడు. ఏడాదిపాటు ఇద్దరం ఒకే మంచం మీద తలా ఒక వైపు తలపెట్టుకుని పడుకున్నాం. గోవాలో నన్ను క్లబ్బు వదిలేసినప్పుడు ఇంకో క్లబ్బుకి నా పేరు చెప్పిందీ అతనే. వాళ్ళావిడ పెర్సిస్ వదిన చేతి వంట తిని పెరిగాను. అలాంటి మనిషిని తాడేపల్లిగూడెంలో టీవీ చూసినవాళ్ళు చెప్పారని తీసెయ్యమంటారా?

నిన్న మళ్ళీ ఓడిపోయాం. అందులో అన్న తప్పేమీ లేదు.

ఇక రాయకండి.

ఉదయ్

కోజికోడ్,
20-02-2024.

పెదనాన్నా,

రాయవద్దన్నాను, మీరు రాయలేదు. నెలరోజులుగా పోస్టు కోసం చూస్తున్నాను.

మీరు చెప్పింది నిజం. మొన్న ప్రాక్టీసు అయ్యాక బట్టలు మార్చుకునే గదికి మర్చిపోయిన విజిల్ కోసం వెళ్ళాను. అన్న ఒక్కడే ఉన్నాడు. ఎడమ మోకాలు నా తలంత ఉంది, దాని మీద ఐసు కట్టుకుని తువ్వాలు నోట్లో పెట్టుకుని ఉన్నాడు. మూడు నెలలుగా ఇలాగే ఉందట. "ఈ సీజన్ గడిచేదాకా ఎవరికీ చెప్పకురా. మోకాలు పోయిన ముప్పై ఏడేళ్ళవాడిని వచ్చే ఏడు ఎవరూ పిలవరు" అన్నాడు. పక్కనే ఉండి నేను చూడలేదు. జానెడు దూరంలో మీరు చూశారు.

ఉంచితే జట్టు మునుగుతుంది, అతని కాలూ పోతుంది. తీస్తే ఎందుకని అందరూ అడుగుతారు. కారణం చెప్పనని మాటిచ్చాను. నేనేం చెయ్యాలి?

ఇంకొకటి. ఆ రోజు నాన్న భుజాల్లో మీకు ఏం కనపడింది?

ఉదయ్

మండవల్లి,
01-03-2024.

నాన్నా ఉదయ్,

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. ఒక మాట తప్పాలో వద్దో తేలక కాగితం ముందు కూర్చున్నాను. ఆ మాట ఎవరి కోసం ఇచ్చానో వాడే అడుగుతున్నాడు. నీకు ముప్పై అయిదేళ్ళు, ఆట ఆడేశావు. దాని గడువు తీరిందనుకుంటున్నాను.

ఆ రోజు మీ నాన్న భుజాల్లో ఏమీ కనపడలేదు. కనపడాలి, అదే తేడా. చలికాలం, అడుగున గుల్లలు, తాడు కింద చెట్ల మొద్దులు. మధ్యలో నడిచేవాడి భుజాలు అడుగడుగునా కదులుతాయి. మీ నాన్న నాగదుర్గారావు మాత్రం రోడ్డు మీద నడిచినట్టు వస్తున్నాడు. వాడి వెనక తాడు లేచిపోయి చేప దాటుతోంది, వాడికి తెలియడం లేదు. ముందు తూము దగ్గర నిలువులోతు గుంట ఉంది. వాడికి అడుగు తెలియకపోతే అందులోకి దిగిపోతాడు. అందుకే పెద్దగా అరిచి బయటికి పిలిచాను.

గట్టెక్కాక చూస్తే అరికాలు గుల్లకి తెగి ఎముక కనపడుతోంది. "నొప్పి లేదట్రా?" అన్నాను. "దేనికి?" అన్నాడు. అప్పుడు కిందకి చూసుకున్నాడు. షుగరు వచ్చి కాళ్ళ స్పర్శ పోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ క్షణంలో ఇద్దరికీ అంత తెలియదు. కానీ ఇక వల దగ్గర పనికిరాడని ఇద్దరికీ తెలిసింది. "అన్నయ్యా, ఎందుకు తీశావో ఎవరికీ చెప్పకు. కుర్రాడికి తెలిస్తే ఆట మానేసి వచ్చేస్తాడు" అన్నాడు. చెప్పనన్నాను. కాలికి నా తలపాగా చించి కట్టాను.

ఇంతవరకూ నేను చేసినదానికి సిగ్గుపడను. తర్వాతదానికి సిగ్గుపడతాను. కట్టు కట్టి వల వైపు తిరిగిపోయాను. చేప పోతోంది, ముఠా అరుస్తోంది. వాడు నా వెనకే గట్టు మీద నిలబడి ఉన్నాడు. పట్టుబడి అయ్యాక తిరిగి చూస్తే లేడు. ఇరవై ఏళ్ళు చెరువు అడుగంతా కాళ్ళతో తెలుసుకున్నవాడు. వాడి కాళ్ళు పోయాయి కానీ కళ్ళు పోలేదు. "నా పక్కన ఉండు, నాతోబాటు చూడు" అనాలని నాకు తోచలేదు. మర్నాడు అన్న పిలుస్తాడని వాడు కూర్చున్నాడు, తమ్ముడే వస్తాడని నేను కూర్చున్నాను. అలా పదిహేనేళ్ళు కూర్చున్నాం.

మీ కెప్టెన్ని తీసెయ్యి. కారణం కడుపులో పెట్టుకో, తిట్లు నువ్వు తిను. కానీ నాలాగ అటు తిరిగిపోకు.

సూర్రావు

కోజికోడ్,
22-04-2024.

పెదనాన్నా,

నిన్నటితో సీజన్ అయిపోయింది. మేం పడిపోలేదు. ఒక్క పాయింటు తేడాతో మిగిలాం. పెద్దమ్మని మెట్లెక్కడానికి సిద్ధంగా ఉండమనండి.

జరిగింది చెబుతాను. మార్చి మొదట్లో అన్నని తీసేశాను. ఎందుకని పేపరువాళ్ళు అడిగారు, ఓనర్లు అడిగారు. నా నిర్ణయం అన్నాను. నేను ఆటగాడిగా ఉన్నప్పటి పాత పగేదో తీర్చుకుంటున్నానని ఒకడు రాశాడు. అన్న కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు అతని గదికి వెళ్ళాను. "మ్యాచ్ టైములో నా పక్కన నిలబడన్నా" అన్నాను. "జాలా?" అన్నాడు. "కాదు, భయం. నాకు అన్నీ కనపడడం లేదు" అన్నాను. తలుపు వేసేసుకున్నాడు.

నాలుగు మ్యాచ్‌లు రాలేదు. అయిదోదానికి ఆట మొదలైన పది నిమిషాలకి కుంటుకుంటూ వచ్చి గీత దగ్గర నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కీ వచ్చాడు.

నిన్న డ్రా చేస్తే చాలు. అరవై నిమిషాలదాకా ఎవరూ గోల్ కొట్టలేదు. మధ్యలో మా మణిపూర్ కుర్రాడు బ్రహ్మాండంగా ఆడుతున్నాడు. నేను చప్పట్లు కొడుతున్నాను. "వాడి భుజాలు చూడు. అయిపోయాడు, మార్చు" అన్నాడు అన్న. మీ మాట నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు పెదనాన్నా. మార్చాను. కొత్తగా దిగినవాడు చివరి నిమిషంలో గోల్ గీత మీద బంతికి అడ్డం పడ్డాడు. పాతవాడయితే అక్కడికి చేరేవాడు కాదు. అలా గోల్సు లేకుండానే ముగిసింది. అన్న నా మెడ పట్టుకుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. రాత్రి ఓనర్లకి మోకాలి సంగతి తనే చెప్పేశాడు. ఆపరేషన్ అయ్యాక నాకు అసిస్టెంటుగా ఉంటాడు. పెర్సిస్ వదిన మీ అడ్రసు అడిగింది.

పొద్దున్న నాన్నకి ఫోన్ చేశాను. నాకు అంతా తెలుసని చెప్పి, జెర్సీలు ఎందుకిచ్చావని అడిగాను. అమ్మ వెనకనుంచి "చెప్పండి, ఇంకా ఎన్నాళ్ళు" అంటోంది. అప్పుడన్నాడు: "అన్నయ్యకి చూపు తగ్గుతోందిరా. బురదనీళ్ళల్లో అందరూ ఒకే రంగులో ఉంటారు. మధ్యలో నడిచేవాడి భుజాలు గట్టు మీదకి కనపడాలి కదా. నీ చొక్కాలు మంచి రంగులవి."

ఈసారి జెర్సీ మీ పేరున పంపుతున్నాను. ఎనిమిదో నంబరు, నారింజ రంగు. నాన్న దగ్గరికి మీరే తీసుకెళ్ళాలి. రెండు వీధులే కదండీ.

మీ
ఉదయ్

మండవల్లి,
14-05-2024.

చిరంజీవి ఉదయ్‌కి ఆశీస్సులు.

పార్సిల్ వచ్చిన రోజునే బయల్దేరాను. రెండు వీధులకి గంట పట్టింది. మధ్యలో టీ తాగాను, టీ కొట్టువాడితో వానల గురించి మాట్లాడాను, ఒకసారి వెనక్కి కూడా తిరిగాను. చివరికి వెళ్ళి గుమ్మంలో నిలబడితే మీ అమ్మ దేవి చూసి మంచినీళ్ళు తెచ్చింది. మీ నాన్న నన్ను చూడలేదు, చేతిలోని చొక్కానే చూశాడు. నేను ఎన్నో మాటలు అనుకుని వెళ్ళాను. "ఎల్లుండి పట్టుబడి. ఇది ఎవరికివ్వాలో వచ్చి నువ్వే చెప్పు" అని అరుగు మీద పెట్టి వచ్చేశాను. వాడు ఏమన్నా అన్నాడేమో నాకు తెలియదు. నా కుడి చెవి అటువైపుంది.

మొన్న పొద్దున్న వల దించేసరికి నారింజ రంగు మధ్యలో ఉంది. ఎంత దూరానికయినా కనపడుతోంది. మీ నాన్న అప్పటికే ఇచ్చేశాడని అర్థమయింది. కాసేపటికి గట్టు మీద ఎవరో వస్తున్నట్టు అనిపించి చూశాను. షుగరువాళ్ళు వేసుకునే మెత్తటి చెప్పులు వేసుకుని, అడుగు చూసి అడుగు వేస్తూ మీ నాన్న వస్తున్నాడు. ముఠా అంతా లాగడం ఆపేసి చూస్తున్నారు. నేను అరిచాక కదిలారు.

వచ్చి నా కుడివైపు ఆగాడు. ఒక నిమిషం నిలబడి, వెనకనుంచి తిరిగి ఎడమవైపుకి వచ్చాడు. నా చెవి సంగతి వాడికి ఎవరు చెప్పారో. ఈసారి నేను అటు తిరిగిపోలేదు. ఇద్దరం నీళ్ళ వైపే చూస్తున్నాం.

తూము దగ్గరికి వచ్చేసరికి మీ నాన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"అన్నయ్యా, కుడి భుజం చూడు. తాడు లేస్తోంది."

నాకు వినపడింది.

పెదనాన్న సూర్రావు